రెండూళ్ల చెరువు పంచాయితీ: సర్వేయర్, ఇంజినీర్, వకీలు, నీరటి ఒకే కట్ట మీద కలిసి పనిచేయాలంటే

మత్తడి (చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే గట్టు, అలుగు) మీద రాత్రికి రాత్రే ఇసుక బస్తాలు పడ్డాయంటే ఆ చెరువు పై ఊరికీ కింది ఊరికీ మాటలు ఆగిపోయి చాలా కాలమైందని అర్థం. కింది ఊరివాళ్లకు యాసంగి నాట్లు గట్టెక్కాలి, ఇంకో అడుగు నీళ్లు నిలవాలి. ఆ అడుగు నీళ్లలో మునిగేది శిఖంలో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే నేలలో, ఉన్న పై ఊరివాళ్ల పొలం. పొద్దున వాళ్లు వచ్చి బస్తాలు తీసేస్తారు, సాయంత్రానికి ఎవరి తలో పగులుతుంది, మర్నాడు ఎస్సై వస్తాడు. ఇరువైపులా బైండోవర్లు, అంటే గొడవ చేయమని పూచీకత్తులు. కాస్త ముదిరితే ఆర్డీఓ ఆఫీసు నుంచి నోటీసులు, శాంతికి భంగం తెచ్చే భూమి, నీళ్ల తగాదాలకు పాత సీఆర్‌పీసీలో 145, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 164 సెక్షన్ కింద. ఇంత జరిగినా వచ్చే వానాకాలానికి మత్తడి ఎత్తు ఎంతుండాలన్న ప్రశ్న అక్కడే ఉంటుంది.

నేను జిల్లా కోర్టులో వకీలును. 40 గంటల మీడియేషన్ ట్రైనింగ్ తీసుకుని మధ్యవర్తిగా కూడా పనిచేస్తున్నాను. ఉత్తర తెలంగాణలో ఇలాంటి చెరువు పంచాయితీల్లో కూర్చున్నాక నాకు గట్టిగా అనిపించింది ఒక్కటే. సర్వేయర్ ఒకరోజు వచ్చి కొలిచి, ఇంజినీర్ ఇంకోరోజు వచ్చి రిపోర్టు రాసి, వకీలు ఊళ్లోకి రాకుండానే నోటీసు పంపితే, ఆ కాగితాలన్నీ గొడవకే పనికొస్తాయి. ఎవరికి ఏ కాగితం లాభమో వాళ్లు దాన్ని పట్టుకుంటారు. అదే మనుషులు ఒకే రోజున, ఒకే కట్ట మీద, రెండూళ్లవాళ్ల ఎదుట, ఊరివాళ్లు అడిగిన ప్రశ్నలకు మాత్రమే జవాబు చెబితే పని ముందుకు కదులుతుంది. దాన్ని ఎలా ఏర్పాటు చేయాలో ఇక్కడ రాస్తున్నాను. సర్పంచులకు, టీచర్లకు, ఊళ్లలో పనిచేసే సంస్థలవాళ్లకు, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన వకీళ్లకు పనికొస్తుందని నా ఆశ.

ఎవరిని పిలవాలి

మండల సర్వేయర్, నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్), వ్యవసాయ విస్తరణ అధికారి, మధ్యవర్తిత్వం తెలిసిన వకీలు. ఈ నలుగురూ ఎవరికైనా వెంటనే గుర్తొస్తారు. సర్వేయర్ గ్రామ నక్షా, టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం), పాత సేత్వార్ (తొలి భూమి రికార్డు) నకలు తేవాలి. ఏఈ దగ్గర ఆ చెరువు వివరాల షీటు ఉంటుంది: మత్తడి పొడవు, తూముల సంఖ్య, ఆయకట్టు, నిండితే పట్టే నీళ్లు. చెరువుల మరమ్మతు పథకం మిషన్ కాకతీయలో పని జరిగిన చెరువైతే ఆ ఎస్టిమేటు కూడా దొరుకుతుంది.

చాలామంది మరచిపోయేది నీరటిని, అంటే తూములు తిప్పి పొలాలకు నీళ్లు పంచే మనిషిని. ఆయనా నిపుణుడే. ఏ తూము ఎన్ని మలుపులు తిప్పితే ఏ కాలువ చివరి మడికి ఎప్పటికి నీళ్లు చేరతాయో ఆయనకు తెలుసు. పైనున్న గొలుసుకట్టు చెరువు అలుగు పోసిన ఎంతసేపటికి మన చెరువుకు వరద తగులుతుందో కూడా ఆయనే చెప్పగలడు. ఆయన్ని సాక్షిలాగా పిలవకండి. ఏఈ పక్కన కుర్చీ వేయండి. ఏఈ చెప్పిన ప్రతి లెక్క తర్వాత "పెద్దయ్యా, నీ అనుభవంలో ఇది నిజమేనా?" అని అందరి ముందూ అడగండి. ఇద్దరి మాటా కలిసిన చోట ఊరు ఒప్పుకుంటుంది. కలవని చోట మళ్లీ కొలవాలి.

మత్స్యకార సంఘం నుంచి ఒకరు తప్పనిసరి. రైతుల పంచాయితీలో చేపలవాళ్లకేం పని అంటారు. కానీ తూము అడుగుదాకా తెరిచి నీళ్లు మొత్తం వదిలేస్తే చేప పోతుంది, ఏడాది బతుకు పోతుంది. వాళ్లను వదిలేసి రాసుకున్న రాజీ ఎండాకాలం దాకా కూడా నిలవదు. మహిళా గ్రామ సంఘం నుంచి ఇద్దరు, రెండూళ్ల నుంచి ఒక్కొక్కరు ఉండాలి. నాట్లకు కింది ఊరికి వెళ్లేది చాలాచోట్ల పై ఊరి ఆడవాళ్లే. మగవాళ్లు మాటలు మానుకున్నాక కూడా రెండూళ్ల మధ్య రోజూ తిరిగేది వాళ్లే. ఎవరింట్లో ఎంత కోపం ఉందో, ఎవరు రాజీకి సిద్ధమో వాళ్లు చెప్పినంత కచ్చితంగా ఇంకెవరూ చెప్పలేరు.

ఎస్సైకి ముందే తెలియజేయండి, కాని కట్ట మీద కూర్చోబెట్టకండి. ఖాకీ బట్టలు కనిపిస్తే మాటలన్నీ కేసు భాషలోకి మారిపోతాయి. లోకల్ విలేకరిని కూడా కలిసి, రాజీ కుదిరేదాకా ఆగమని మర్యాదగా అడగండి. "ఫలానా ఊరి దౌర్జన్యం" అని ఒక్క హెడ్డింగ్ పడితే వారం పని నీళ్లపాలవుతుంది.

ముందు విడివిడిగా వినండి, ప్రశ్నలు రాసుకోండి

నిపుణులు కట్ట మీదికి రావడానికి ముందు మధ్యవర్తి రెండూళ్లకూ వెళ్లాలి. రెండింటిలోనూ ఒకే అంత సమయం గడపాలి, ఇది చిన్న విషయం కాదు. కింది ఊళ్లో భోజనం చేసి పై ఊళ్లో టీ తాగి వచ్చేస్తే ఆ సాయంత్రానికే మాట పుడుతుంది.

వాళ్లు చెప్పేదాన్ని వాళ్ల మాటల్లోనే ప్రశ్నలుగా రాసుకోండి. నా నోట్‌బుక్‌లో ఇలా ఉంటాయి: "మత్తడి అసలు ఎత్తు ఎంత? రిపేరులో పెంచిండ్రా?" "ఎఫ్‌టీఎల్ రాళ్లు ఎక్కడ పోయినయ్?" (చెరువు నిండా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే హద్దు రాళ్లు) "నాకు శిఖం పట్టా ఉంది, మునిగితే నష్టం ఎవరిస్తరు?" "తూము లీకేజీల పొయ్యే నీళ్లు ఆపితే బస్తాలు ఎందుకు?" "ఈసారి ఉన్న నీళ్లకు ఎన్ని ఎకరాలు పండుతయ్?"

తర్వాత ఏ ప్రశ్న ఎవరికో పంచండి. కొలతవి సర్వేయర్‌కూ ఏఈకీ, పంటవి విస్తరణ అధికారికి, హక్కువి వకీలుకు. ఏ నిపుణుడి దగ్గరా జవాబు లేని ప్రశ్నలు కొన్ని మిగులుతాయి. ఒక రైతు నన్ను అడిగాడు: "లాయరమ్మా, మా నాయినను కట్ట మీద అందరి ముందట తిట్టిండు. దానికేం చేస్తరు?" ఇలాంటిదాన్ని పక్కన పెట్టి నీళ్ల లెక్కలోకి పోతే లెక్క ఎంత సరిగ్గా వచ్చినా ఆయన సంతకం పెట్టడు. దాన్ని మధ్యవర్తి తన దగ్గర ఉంచుకుని, ఇద్దరి ఇళ్లలోని పెద్దవాళ్లతో విడిగా మాట్లాడాలి. రిటైరైన టీచర్ ఒకరు, ఇద్దరికీ చదువు చెప్పినవారు దొరికితే ఆ పని వాళ్ల చేతిలో పెట్టండి. దెబ్బలు తిన్నవాళ్లు, రాత్రుళ్లు నిద్ర పట్టనివాళ్లు ఉంటే జిల్లా ఆసుపత్రిలో కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాలి. పంచాయితీలో వాళ్లతో అదంతా చెప్పించొద్దు.

నిపుణులు ముందుగా ఒక గంట కూర్చోవాలి

ఈ గంట లేకపోతే కట్ట మీద నిపుణులే పోట్లాడుకుంటారు. ఏఈకి శిఖంలో సాగంతా ఆక్రమణలా కనిపిస్తుంది. సర్వేయర్‌కు పట్టా నంబర్ ఉంటే అది భూమి. విస్తరణ అధికారికి వరి వేయడమే తప్పు. వకీలుకు కేసు కనిపిస్తుంది. ఎవరి చదువు ప్రకారం వాళ్లు నిజమే చెబుతున్నారు. ఆ తేడాలన్నీ ఆ గదిలోనే బయటపడాలి.

ఆ గంటలో తేల్చుకోవాల్సిన మొదటి పని కొలతల భాష. ఏఈ మీటర్లలో, మిలియన్ ఘనపుటడుగుల్లో మాట్లాడతారు, సర్వేయర్ ఎకరాలు గుంటల్లో, విస్తరణ అధికారి హెక్టార్లలో. రైతు మాత్రం అడుగుల్లోనే ఆలోచిస్తాడు. అన్నీ అడుగుల్లోకి, ఎకరాల్లోకి మార్చుకుని రండి. ఒక మిలియన్ ఘనపుటడుగులంటే సుమారు 23 ఎకరాల్లో అడుగు ఎత్తున నిలిచే నీళ్లు. ఒక క్యూసెక్కు 24 గంటలు పారితే సుమారు రెండెకరాల్లో అడుగు ఎత్తు నిలుస్తుంది. ఇలా చెబితే కట్ట మీదున్న ప్రతివాళ్లూ మనసులోనే తమ మడిని కొలుచుకుంటారు.

రెండోది, తనది కాని ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పకూడదు. "ఇది కోర్టులో నిలవదు" అని ఏఈ అనకూడదు, "ఈ నేలలో ఆరుతడి వేసుకోవచ్చు కదా" అని వకీలు అనకూడదు. మూడోది, తెలియనిది తెలియదని చెప్పి, ఎప్పటికి తెలుసుకుని చెబుతారో తేదీ ఇవ్వాలి.

వేరువేరు రంగాలవాళ్లు కలిసి ఒక పెద్ద గొడవ మధ్యలో నిలబడటం మన రాష్ట్రంలో కొత్తేమీ కాదు. 1997లో ఏర్పడిన పౌర స్పందన వేదికలో ఐఏఎస్‌గా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్, న్యాయవాది కె.జి. కన్నబిరాన్, సంపాదకులు పొత్తూరి వెంకటేశ్వరరావు, ప్రొఫెసర్ హరగోపాల్ లాంటివాళ్లు కలిసి పనిచేశారు. ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య నలిగిపోతున్న ఊళ్లకు వెళ్లి జనం మాట విన్నారు. ఎన్‌కౌంటర్ల గురించి ప్రభుత్వాన్నీ, హత్యల గురించి నక్సలైట్లనూ ఒకేలా గట్టిగా ప్రశ్నించారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరగడంలో వాళ్ల కృషి పెద్దది. ఆ చర్చలు నిలవలేదు, 2005 జనవరికల్లా తెగిపోయాయి. అయినా మధ్యవర్తిగా నేను ఎప్పుడూ గుర్తుచేసుకునేది వాళ్ల పద్ధతినే: ఒకరికి చెప్పే మాట ఇంకొకరి ముందు కూడా అదే గొంతుతో చెప్పగలగాలి. చెరువు కట్ట మీద నిలబడే ఏఈకీ సర్వేయర్‌కూ ఇదే వర్తిస్తుంది.

కట్ట మీద రోజు

పొద్దున్నే మొదలుపెట్టండి. ముందు మాటలు వద్దు, నడక. మత్తడి నుంచి తూము దాకా, తూము నుంచి శిఖం చివరి దాకా రెండూళ్లవాళ్లూ నిపుణులూ కలిసి నడవాలి. నడుస్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి.

తర్వాత కొలత. ఇక్కడ తొందరపడొద్దు, రాజీలో సగం ఇక్కడే కుదురుతుంది. ఒకచోట ఏఈ ఆటో లెవెల్ (ఎత్తులు కొలిచే మెషీన్) స్టాండు మీద నిలబెట్టి, కొలత గీతలున్న స్టాఫ్ కర్ర పట్టించి మత్తడి ఎత్తు చూస్తున్నారు. వెనక గుసగుస మొదలైంది: "మెషీన్ ఆయనది, ఆయన చెప్పిందే లెక్క." గుంపులో ఉన్న ఒక మేస్త్రీ ముందుకొచ్చి "సార్, మా లెవెల్ పైపుతోటి కూడా చూద్దామా?" అన్నాడు. ఏఈ మొహం చిట్లించలేదు, సరే అన్నారు. పారదర్శకంగా ఉండే పైపులో నీళ్లు నింపి, బుడగలన్నీ పోయేదాకా వేలితో తట్టి, ఒక కొస మత్తడి రాయి దగ్గర పై ఊరి కుర్రాడు, రెండో కొస తూము గోడ దగ్గర కింది ఊరి కుర్రాడు పట్టుకున్నారు. నీళ్లు నిలిచిన చోట బొగ్గుతో గీత గీశారు. మెషీన్ చూపించిన గీతకూ పైపు చూపించిన గీతకూ వేలెడు తేడా కూడా లేదు. ఆ తర్వాత రోజంతా ఏఈ చెప్పిన కొలతను ఎవరూ ప్రశ్నించలేదు. అప్పటి నుంచి నేను ఎక్కడికి వెళ్లినా ఒక మేస్త్రీని, ఒక లెవెల్ పైపును రమ్మని చెబుతున్నాను.

మత్తడి ఎత్తును కదలని చోట గుర్తు పెట్టించండి. గుడి గడప, బడి అరుగు, పాత రాతి తూము, ఏదైనా సరే. ఎవరైనా రేపు మత్తడి పెంచినా తగ్గించినా ఆ గుర్తుతో పోల్చి చూడొచ్చు.

తర్వాత మత్తడి ఎత్తుకు సరిగ్గా నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో శిఖంలో సున్నంతో గీత వేయించండి. బస్తాల ఎత్తుకు ఎక్కడిదాకా వస్తాయో రెండో గీత. శిఖం నేల 300 అడుగులకు ఒక అడుగు వాలు ఉంటే, మత్తడి ఒక్క అడుగు పెరిగితే నీళ్లు ఇంకో 300 అడుగులు వెనక్కి పాకుతాయి. కాగితం మీద అడుగే కదా అనిపించేది, రెండు గీతల మధ్య నడిచినప్పుడు ఎవరి పొలాలో ఎన్ని గుంటలో కళ్లకు కడుతుంది. బస్తాల వల్లే మునిగిందని అనుకున్న కొన్ని మడులు మొదటి గీత లోపలే ఉన్నాయని పై ఊరివాళ్లకు తెలుస్తుంది. తమ బస్తాలు ఎంతమంది పంట ముంచాయో కింది ఊరివాళ్లకు తెలుస్తుంది. సర్వేయర్ అప్పుడే సర్వే నంబర్లు చదవాలి. గీత లోపల నిలబడ్డ రైతు "మా తాతల నుంచి దున్నుతున్నం" అంటే వకీలు ఆ క్షణాన చట్టం చెప్పకూడదు. ఆయన పేరు, నంబరు రాసుకుని ముందుకు నడవాలి. శిఖం పట్టా ఉన్నవాళ్ల సంగతి వేరు, ప్రభుత్వ శిఖంలో దున్నుతున్నవాళ్ల సంగతి వేరు. ఆ తేడా మధ్యాహ్నం నీడలో కూర్చుని నిదానంగా చెప్పాలి.

బేరం ఎక్కడ ఉంటుంది

భోజనాలయ్యాక కూర్చున్నప్పుడు "మత్తడి పెంచాలా వద్దా" అన్న చోట మొదలుపెట్టకండి. ఆ ప్రశ్నకు ఒకరు గెలిస్తే ఒకరు ఓడాలి. పైగా మత్తడి ఎత్తు మార్చే అధికారం నీటిపారుదల శాఖది, ఊళ్లది కాదు. "ఒక అడుగు నీళ్లు ఇంకెక్కడి నుంచి తేవచ్చు" అని అడగండి. ఇలా అడిగితేనే నిపుణులు ఒకరికొకరు పనికొస్తారు.

నీరటి తూము లీకేజీ గురించి చెబుతాడు. ఏఈ దాన్ని రిపేరు చేయడానికి ఏం కావాలో చెబుతారు. తర్వాత పూడిక. ఎకరం విస్తీర్ణంలో అడుగు లోతు తీస్తే సుమారు 1,233 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల లెక్కన నాలుగొందల ట్రిప్పులు. ఆ మట్టి ఎవరికి? విస్తరణ అధికారి భూసార పరీక్ష చేయించి, ఒండ్రు పనికొచ్చేదే అయితే పై ఊరి చెలకలకు మొదటి ట్రాలీలు పంపమని చెప్పొచ్చు. కింది ఊరికి నీళ్లు పెరుగుతాయి, పై ఊరి ఎర్ర చెలకకు బలం వస్తుంది, మత్తడి అంగుళం కూడా కదలదు. తవ్వకానికి శాఖ అనుమతి తీసుకోవాలి, ఎక్కడ పడితే అక్కడ గుంతలు పెడితే కట్టకే ప్రమాదం.

ఇక తైబందీ. యాసంగికి ముందు చెరువులో ఉన్న నీళ్లు చూసి ఎన్ని ఎకరాలకు వదలాలో ముందే ఖాయం చేసుకునే ఈ పద్ధతి మన పెద్దలది. చాలా ఊళ్లలో పేరు మిగిలింది, అమలు పోయింది. ఒక ఎకరం యాసంగి వరికి పట్టే నీళ్లతో ఆరుతడి పంట రెండెకరాల పైనే పండుతుంది. అయితే ఈ మాట విస్తరణ అధికారి ఉపన్యాసంలా చెప్పకూడదు. గింజ ఎవరు కొంటారు, ధర ఎంత పలికింది, కోతుల బాధ ఉంటే ఏం చేయాలి అని రైతులు అడుగుతారు. వాటికి జవాబు లేకపోతే వరే వేస్తారు, వాళ్లను తప్పు పట్టలేం. చేపలవాళ్ల కోసం తూము కింద ఎన్ని అడుగుల నీళ్లు ముట్టకూడదో కూడా ఇక్కడే తేల్చండి.

మాట ఎక్కడైనా బిగుసుకుంటే ఆపేసి, రెండు పక్షాలనూ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడండి. అక్కడ విన్నది వాళ్ల అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పొద్దు, నిపుణులకైనా సరే. ఊరి పెద్దమనుషులు డిపాజిట్లు కట్టించుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. మీరు ఆ దారి పట్టకండి. డబ్బు పెట్టినవాడు గెలవడానికే కూర్చుంటాడు.

కాగితం

ఒప్పందంలో "ఇకపై కలిసిమెలిసి ఉంటాము" అన్న వాక్యం ఒక్కటే ఉంటే అది పనికిరాదు. మత్తడి ఎత్తు బడి అరుగు మీది గుర్తుకు ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాలు కిందుందో, తూము తాళం ఎవరి దగ్గర ఉంటుందో, ఆయన ఊళ్లో లేని రోజు ఎవరి దగ్గర ఉంటుందో, తైబందీ మీటింగు ఏ నెలలో ఎక్కడ జరుగుతుందో, పూడిక ట్రాలీలు ఏ వరసలో వెళతాయో రాయాలి. కొలతల పటాన్ని దానికి జత చేసి, దాని మీద సర్వేయర్, ఏఈ సంతకాలు పెట్టించండి. మాటల్లో ఎవరేమన్నారన్నది మాత్రం ఎక్కడా రాయొద్దు. కొలతలు అందరివీ, చర్చ రహస్యం.

దీనికి చట్టబలం కావాలంటే మండల లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా, కేసు వేయకముందే, లోక్ అదాలత్ ముందు పెట్టండి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అక్కడిచ్చిన అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఖర్చు కూడా ఉండదు. 2023 మీడియేషన్ చట్టంలో ఒక ప్రాంతంలోని జనం మధ్య, కుటుంబాల మధ్య శాంతిని చెడగొట్టే గొడవలకు ముగ్గురు మధ్యవర్తుల ప్యానెల్ అనే ఏర్పాటు రాశారు. అయితే అక్కడ కుదిరిన రాజీని డిక్రీలాగా అమలు చేయించలేరని కూడా ఆ చట్టమే చెబుతుంది. ఆ చట్టాన్ని భాగాలుగా నోటిఫై చేస్తున్నారు కాబట్టి ఏ భాగం అమల్లో ఉందో సేవాధికార సంస్థలో అడిగి తెలుసుకోండి. చెరువు ప్రభుత్వానిది. శాఖ ఒప్పుకోని షరతు రెండూళ్లూ సంతకం పెట్టినా చెల్లదు, కాబట్టి ఏఈ పై అధికారికి ముసాయిదా ముందే చూపించండి.

కొట్లాట కేసుల్లో చిన్న గాయాలవి రాజీ చేసుకోవచ్చు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు ఉంటే దాన్ని నీళ్ల బేరంలోకి తేవొద్దు. "కేసు వాపసు తీసుకుంటే మీ కాలువకు నీళ్లిస్తాం" అన్న మాట ఎవరి నోట వచ్చినా మధ్యవర్తి అక్కడికక్కడే ఆపాలి. కులం పేరుతో అవమానపడ్డవాళ్ల హక్కు తాకట్టు పెట్టి తెచ్చుకున్న శాంతి, శాంతి కాదు. నీళ్లలో వాళ్ల వాటా ఆ కేసుతో సంబంధం లేకుండా వాళ్లకు రావాలి.

మొదటి యాసంగి

సంతకాలయ్యాక నిపుణులు మాయమైపోతే పని చెడుతుంది. తూము గోడ మీద అడుగులు, అంగుళాలు పెయింట్‌తో రాయించండి. రెండూళ్ల నుంచి ఒక్కొక్కరు వారానికోసారి కలిసి చూసి రిజిస్టరులో రాయాలి, ఇద్దరి సంతకంతో. ఇద్దరూ కలిసి నిలబడి ఒకే అంకె రాయడం అన్నది చిన్నగా కనిపించినా, పుకార్లు ఆగేది దానితోనే. నాట్లకు ముందు ఒకసారి, పొట్ట దశలో ఒకసారి ఏఈ, విస్తరణ అధికారి, మధ్యవర్తి ముగ్గురూ మళ్లీ కట్ట మీదికి రావాలి. పొట్ట దశలో నీళ్లు చాలవనిపించినప్పుడే బస్తాలు మళ్లీ లేస్తాయి.

అప్పుడు ఏం చేయాలో ముందే రాసి ఉంచండి: బస్తాలు చూసినవాళ్లు తీయకూడదు, ఫొటో తీసి రెండూళ్ల రిజిస్టరువాళ్లకూ పంపాలి. ఆ ఇద్దరూ ఏఈకి ఫోన్ చేయాలి. ఏఈ వచ్చి, బడి అరుగు గుర్తుతో పోల్చి, తన చేత్తో తీయించాలి. ఎవరు వేశారన్న విచారణ తర్వాత, సాయంత్రం కాదు, మర్నాడు పొద్దున.